తెలుగు వర్ణక్రమమును కీబోర్డు అమరికయు: బాలబాలికలకు చూడక టైపుచేయుట నేర్పు విధము

అక్షరాభ్యాసమున బాలుడు వర్ణమును మొదట చెవితో వినును, పిమ్మట కంటితో చూచును, తుదకు చేతితో దిద్దును. ఇసుకలో దిద్దినను, పలకపై దిద్దినను, కాగితముపై వ్రాసినను ఈ క్రమము మాఱలేదు. నేడు వ్రాతసాధనములలో కంప్యూటరు కీబోర్డు కూడ చేరినది. మన పిల్లలు దానిపై ఇంగ్లీషు వ్రాయుటను పాఠశాలలోనో, ఇంటియందో, తమంతట తామో నేర్చుకొనుచున్నారు. తెలుగు వ్రాయవలసివచ్చినపుడు మాత్రము పెక్కుమంది తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములతో కూర్చి, వానిని తెలుగులోనికి మార్చు పనిని యంత్రమునకు విడిచిపెట్టుచున్నారు. ఇది కేవలము సౌకర్యమునకు సంబంధించిన విషయమని తోచవచ్చును. కాని దీనివలన బాలుని వర్ణజ్ఞానమునకే లోపము కలుగుచున్నది.

ఈ వ్యాసమున ప్రతిపాదింపదలచినది ఒక్కటే. భారతీయ లిపులకు ప్రమాణముగా ఏర్పఱుపబడిన ఇన్‌స్క్రిప్ట్ అను కీబోర్డు అమరికకు మన వర్ణసమామ్నాయమే పునాది. వర్ణమాలను ఎఱిగిన బాలునకు ఆ అమరికపై చూడక టైపుచేయుట నేర్పుట, అతడు ఎఱిగిన విద్యను వ్రేళ్ళచే మఱల చెప్పించుటయే. ఇందు వ్యాకరణపాఠమును టైపుపాఠమును ఒండొంటికి తోడ్పడును.

1. చూడక టైపుచేయుట యననేమి?

ఇంగ్లీషున టచ్ టైపింగు అనబడు ఈ విద్యకు సూత్రము సులభము. ప్రతి మీటకు ఒక వ్రేలు నియతము. ఆ మీటను ఆ వ్రేలే నొక్కవలెను, నొక్కిన పిమ్మట తన స్థానమునకు తిరిగి రావలెను. కన్ను వ్రాతపై ఉండునుగాని కీబోర్డుపై ఉండదు. ఈ పద్ధతికి అమెరికాలో విశేషప్రచారము కలిగించినది 1888 జులై 25వ తేదీన సిన్సినాటి నగరమున జరిగిన పోటీ. అందు ఫ్రాంక్ మెక్‌గరిన్ అను న్యాయస్థాన లేఖకుడు మీటల స్థానములను కంఠస్థము చేసికొని, కీబోర్డును చూడకయే టైపుచేసి, లూయీ ట్రాబ్ అను ప్రత్యర్థిని ఓడించెను. ట్రాబ్ వాడిన యంత్రమున పెద్ద అక్షరములకును చిన్న అక్షరములకును వేర్వేరు మీటలుండెను. మెక్‌గరిన్ వాడిన రెమింగ్టన్ యంత్రమున ఒకే మీట షిఫ్టు సాయమున రెండు అక్షరముల నిచ్చెడిది. మీటల సంఖ్య తగ్గినకొలది వ్రేళ్ళకు నియమము ఏర్పఱుచుట సులభమగును. ఈ విషయము తెలుగునకు మిక్కిలి ఉపకరించునని ముందు తెలియగలదు.

నైపుణ్యము అలవడు తీరును పాల్ ఫిట్స్, మైకేల్ పోస్నర్ అను మనశ్శాస్త్రవేత్తలు 1967లో ప్రకటించిన గ్రంథమున మూడు దశలుగా విభజించిరి. మొదటి దశలో అభ్యాసి ప్రతి అడుగును ఆలోచించి వేయును. రెండవ దశలో అడుగులు ఒకదానితో నొకటి కలిసి తప్పులు తగ్గును. మూడవ దశలో ఆలోచన లేకయే పని సాగును. 2014లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు మఱికొందఱితో కలిసి ప్రకటించిన పరిశీలనము ఈ మూడవ దశకు చక్కని నిదర్శనము. టైపున ఆఱితేఱినవారికి ఖాళీ కీబోర్డు బొమ్మ నిచ్చి అక్షరములను నింపుమనగా, వారు ఇంగ్లీషు అక్షరములు 26లో సగటున సుమారు 15 మాత్రమే సరిగా గుర్తింపగలిగిరి. మీట ఎచట నున్నదో నోటితో చెప్పలేనివారి వ్రేళ్ళు దానిని తప్పక చేరుచున్నవి. కావున ఉపాధ్యాయుడు “క ఎచట?” అని ప్రశ్నించి పరీక్షింపరాదు, ఒక మాట చెప్పి టైపుచేయింపవలెను.

2. అమరిక స్వరూపము

ఇన్‌స్క్రిప్ట్ అమరికను భారతప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ప్రమాణముగా ఏర్పఱిచెను. 1988లో దానిని సవరించిరి. 1991లో భారతీయ ప్రమాణముల సంస్థ ప్రకటించిన ఐ.ఎస్. 13194 అను ప్రమాణమున అది చేర్చబడినది. దేవనాగరికిని, తెలుగునకును, కన్నడమునకును, ఇతర భారతీయ లిపులకును వర్ణముల స్థానము సామాన్యముగా ఒక్కటే. తెలుగున కకారమున్న మీటపైననే హిందీలోను కకారముండును. తెలుగు నేర్చిన వ్రేళ్ళు ద్వితీయభాషయైన హిందీకి వేఱుగా శ్రమింపవలసిన పనిలేదు.

కీబోర్డున అక్షరముల మీటలు మూడు వరుసలుగా నుండును. నడిమి వరుస వ్రేళ్ళకు నివాసస్థానము. ఇంగ్లీషు ఎఫ్, జె అక్షరముల మీటలపై చిన్న గీటు పొడుచుకొని యుండును. చూపుడువ్రేళ్ళు రెండును ఆ గీటులను తాకి తమ స్థానమును తెలిసికొనును. ఇన్‌స్క్రిప్ట్‌లో ఎడమ గీటుపై గుడి, కుడి గీటుపై రకారము ఉండును.

కుడిచేతి నడిమి వరుసలో ప, ర, క, త, చ, ట అను వర్ణములు వరుసగా ఉన్నవి. వీనిలో రకారము తక్క తక్కిన అయిదును వర్గప్రథమాక్షరములు. అనగా మన వ్యాకర్తలు పరుషములని వ్యవహరించు క, చ, ట, త, పలు. వీనికి సరిగా పై వరుసలో బ, గ, ద, జ, డ అను సరళములున్నవి. కకారముపై గకారము, తకారముపై దకారము, చకారముపై జకారము, టకారముపై డకారము, పకారముపై బకారము. క్రింది మీటను నొక్కు వ్రేలే పై మీటను కూడ నొక్కవలెను. షిఫ్టు మీటతో కలిపి నొక్కినచో అల్పప్రాణము మహాప్రాణమగును. కుడి నడిమివ్రేలు ఒక్కటే క, ఖ, గ, ఘలకు అధిపతి. మెక్‌గరిన్ యంత్రమున షిఫ్టు చిన్న అక్షరమును పెద్ద అక్షరముగా మార్చెను. ఇచట అది అల్పప్రాణమును మహాప్రాణముగా మార్చుచున్నది.

చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమున ద్రుతముపై పరుషములు సరళములగునని చెప్పబడినది. “వచ్చెను + తమ్ముడు” అనుచోట “వచ్చెను దమ్ముడు” అగుట విద్యార్థు లెఱిగినదే. ఇన్‌స్క్రిప్ట్‌పై ఈ సంధి వ్రేలును ఒక వరుస పైకి జరుపుటయే. గసడదవాదేశమున మాత్రము క, ట, తలు పై వరుసకు పోవునుగాని, చకారమునకు సకారమును పకారమునకు వకారమును వచ్చుటచే పోలిక అంతటితో ముగియును. ఈ అమరికను కూర్చినవారు తెలుగు సంధులను లక్ష్యముగా నుంచుకొనలేదు. వారు వర్గక్రమమును పాటించిరి. సంధియు వర్గక్రమమునే ఆశ్రయించినది. అందువలననే రెండింటికి పొత్తు కుదిరినది.

ఎడమచేతి వైపున అచ్చులును గుణింతపు గుర్తులును ఉన్నవి. గుర్తు మామూలుగా వచ్చును. షిఫ్టుతో అచ్చు వచ్చును. గుడి యున్న మీటపై ఇకారము, కొమ్మున్న మీటపై ఉకారము కలవు. హ్రస్వమునకు సరిగా పై వరుసలో దాని దీర్ఘముండును: గుడిపై గుడిదీర్ఘము, కొమ్ముపై కొమ్ముదీర్ఘము. ఏ, ఓ అను వక్రముల గుర్తులు నడిమి వరుసలోను, ఐ, ఔ అను వక్రతమముల గుర్తులు వానికి పై వరుసలోను ఉన్నవి. నడిమివ్రేలి స్థానమున పొల్లు ఉన్నది. దాని మీటపైననే షిఫ్టుతో అకారము వచ్చును. అకారము లేమిని తెలుపు గుర్తును, అకారమును ఒకే మీటపై నుండుట గమనింపదగినది. మీదివరుసలో దానిపై దీర్ఘము కలదు.

క్రింది వరుస ఇంత నియమముగా లేదు. న, మ, వ, సున్న ఎడమచేతికిని, ల, స, య కుడిచేతికిని వచ్చినవి. షిఫ్టుతో లకారము ళకారమగును, సకారము శకారమగును, మకారమున్నచోట ణకారము వచ్చును. ఈ ణకారస్థానమునకు బాలునకు చెప్పదగిన హేతువు లేదు, కంఠస్థము చేయింపవలసినదే.

3. పాఠక్రమము

ఇంగ్లీషు టైపు నేర్చువారు మొదటి దినములలో అర్థములేని అక్షరసమూహములను మాటిమాటికి కొట్టుచుందురు. తెలుగున ఆ అవస్థ లేదు. కుడిచేతి నడిమి వరుసలోని ఆఱు వర్ణములతోనే మన భాషలోని ధ్వన్యనుకరణశబ్దములు ఎన్నియో ఏర్పడును. చకచక, టకటక, పకపక, పటపట, కటకట, తపతప, చరచర, కరకర, టపటప: వీనిలో గుణింతపు గుర్తొకటియు లేదు. తెలుగు హల్లున అకారము అంతర్గతమగుటచే దానికి మీట నొక్కనక్కఱలేదు. మొదటి వారమున బాలుడు ఈ మాటలను పలుకుచు కొట్టవలెను. పునరుక్తి అభ్యాసమునకు ప్రాణము. ఈ శబ్దములయందు పునరుక్తి స్వభావసిద్ధమై యున్నందున అభ్యాసమే ఆటయగును.

రెండవ మెట్టున ఎడమచేతి గుడిని, కొమ్మును, ఏత్వమును, ఓత్వమును చేర్పవలెను. చిటపట, కిచకిచ, కిటకిట, కుతకుత అనునవియు, చేప, తోట, కోట, పేరు, రేపు, తిరుపతి అనునవియు నడిమి వరుసను దాటకయే వచ్చును. పిమ్మట పొల్లును నేర్పవలెను. కుక్క, కప్ప, పిట్ట, పిచ్చుక, పత్రిక, చరిత్ర అను మాటలన్నియు ఆ వరుసలోనివే.

మూడవ మెట్టున పై వరుసకు పోవలెను. ఇచట పరుషసరళముల సంబంధమును చేతితోనే చూపవచ్చును. కటకట కొట్టిన వ్రేళ్ళను ఒక వరుస పైకి జరిపినచో గడగడ యగును. పటపట బడబడ యగును. టపటప డబడబ యగును. తపతప దబదబ యగును. శబ్దార్థములందును భేదము కలుగుచున్నది. పరుషములతో కూడిన ధ్వని తేలికగను, సరళములతో కూడిన ధ్వని బరువుగను తోచునని పిల్లలే చెప్పుదురు. ఎడమచేత గుడి గుడిదీర్ఘముగను, కొమ్ము కొమ్ముదీర్ఘముగను మాఱుటను ఇట్లే నేర్పవచ్చును. నాల్గవ మెట్టున క్రింది వరుస, అయిదవ మెట్టున షిఫ్టు. షిఫ్టును ఎల్లప్పుడును అక్షరమును నొక్కు చేతితో గాక రెండవ చేతి చిటికెనవ్రేలితో నొక్కవలెనని మొదటినుండియు నిర్బంధింపవలెను.

సంయుక్తాక్షరముల దగ్గఱ బాలుడు తప్పక తడబడును. దానికి కారణము అజ్ఞానము కాదు, వ్రాతయలవాటు. “పత్రిక”ను చేతితో వ్రాయునపుడు తకారమును వ్రాసి, గుడి కట్టి, ఆ పిమ్మట క్రావడి చేర్చుదుము. మీటలపై ప, త, పొల్లు, ర, గుడి, క అను క్రమమున కొట్టవలెను. బాలుడు వ్రాతక్రమమును అనుసరించి గుడిని ముందు కొట్టును, అక్షరము చెదరిపోవును. అపుడు ఉపాధ్యాయుడు అతనిచే ఆ మాటను మెల్లగా పలికింపవలెను. హల్లు, దానిపై హల్లు, తుదకు అచ్చు వినబడును. పలుకు క్రమమే మీటల క్రమము. సంయుక్తాక్షర మననేమో పుస్తకమున చదివినను తెలియని బాలునకు ఈ ఒక్క తప్పు దిద్దుకొనుటచే తెలియును.

మన కీబోర్డులపై సామాన్యముగా ఇంగ్లీషు అక్షరములే ముద్రింపబడి యుండును. తెలుగు అక్షరముల చీటీలను మీటలపై అంటింపవలెనని కొందఱకు తోచును. అది హానికరము. మీటపై అక్షరము కనబడినంతకాలము కన్ను దానిని వెదకుచునే యుండును. అమరిక పటమును బాలుని ఎదుట గోడపై వ్రేలాడదీయవలెను. కన్ను పైకి పోవునుగాని క్రిందికి పోదు. ఇంగ్లీషు టైపుపాఠములలో చేతులపై గుడ్డ కప్పుట ఒక ఉపాయము. తెలుగు నేర్చువానికి గుడ్డతో పనిలేదు; చూచినను కీబోర్డుపై తెలుగు లేదు.

దినమునకు పది పదునైదు నిమిషములు చాలును. వారమున కొకమాఱు గంటసేపు కూర్చుండబెట్టుటకంటె ఇది మేలు. వేగమును లెక్కింపరాదు; తప్పులు లేకుండుటనే మెచ్చుకొనవలెను. తప్పు వ్రేలితో సరియైన మీటను కొట్టిన బాలుని వ్రాత తెఱపై ఒప్పుగానే కనబడును. కావున ఉపాధ్యాయుడు తెఱను గాక వ్రేళ్ళను గమనింపవలెను. చూచి కొట్టించుటకంటె చెప్పి కొట్టించుట మేలు. అపుడు చెవినుండి వ్రేలికి నేరుగా దారి ఏర్పడును. చిన్నవాని చేయి కీబోర్డున కందనంతకాలము, వర్ణమాల గుణింతములు చేతివ్రాతలో స్థిరపడనంతకాలము ఈ పాఠము మొదలిడరాదు. బెన్ వుడ్, ఫ్రాంక్ ఫ్రీమన్ అనువారు అమెరికా ప్రాథమిక పాఠశాలలలో టైపుయంత్రములతో చేసిన ప్రయోగమును 1932లో ప్రకటించిరి. యంత్రము లిచ్చిన పిల్లలు ఎక్కువగా వ్రాసిరనియు, వారి చేతివ్రాత చెడలేదనియు అందు తేలినది. చేతివ్రాతకు ఇది ప్రత్యర్థి యని భయపడనక్కఱలేదు. దానికి ప్రత్యామ్నాయమనియు భావింపరాదు.

4. రోమను మార్గముతో పోలిక

ఇంగ్లీషు అక్షరములతో తెలుగు కొట్టు పద్ధతులు రెండు విధములు. మొదటిది నియమబద్ధమైన లిప్యంతరీకరణము. ఆర్.టి.ఎస్. మొదలగు పద్ధతులలో లకారమునకు చిన్న ఎల్, ళకారమునకు పెద్ద ఎల్ అను నియమము లున్నందున బాలుడు వర్ణమును తానే నిర్ణయించుకొనవలెను. ఇది నింద్యము కాదు. కంప్యూటరుపై తెలుగు వ్యాపించుటకు ఈ పద్ధతి చేసిన సేవ గొప్పది. కాని తెలుగు వర్ణమును ముందు ఇంగ్లీషు అక్షరముగా భావించి, పిమ్మట వ్రేలికి పంపవలసిన చుట్టుదారి అందు కలదు. శ్రమయు అధికము. “నగరము” అను మాటకు రోమను మార్గమున 8 మీటలు, ఇన్‌స్క్రిప్ట్‌పై 5 మీటలు చాలును. “చరిత్ర”కు అచట 8, ఇచట 6. “కుక్క”కు రెండింటను 5 చొప్పుననే. ద్విత్వమునకు పొల్లు ఒక మీటను కోరుటచే అచట లాభము లేదు.

రెండవది ఊహాపద్ధతి. బాలుడు ఏదో ఒక తీరున ఇంగ్లీషు అక్షరములు కొట్టగా యంత్రము తెలుగు మాటను ఊహించి చూపును. “కల”యు “కళ”యు, “వేల”యు “వేళ”యు అతడు ఒకే విధముగా కొట్టును. “బాధ”లో మహాప్రాణ మున్నదో లేదో అతడు తలపడు. యంత్రము ముందు చూపినదానిని అంగీకరించును. వ్రాత తప్పులు లేక కనబడును. వర్ణవివేకము మాత్రము అతనికి అబ్బదు. చేతితో వ్రాయునపుడు తప్పు వ్రాసిన బాలుని ఉపాధ్యాయుడు దిద్దగలడు. తప్పుచేయు అవకాశమే లేనివాడు దిద్దుకొను అవకాశమును కూడ కోల్పోవును. ఇన్‌స్క్రిప్ట్‌పై “వేళ” కొట్టదలచినవాడు షిఫ్టు నొక్కవలెనా వలదా అని నిశ్చయించుకొని తీఱవలెను. వర్ణజ్ఞానమును నిలుపునది ఆ నిశ్చయమే.

5. లోపములు

ఈ అమరికను నిర్దోష మనుట సత్యము కాదు. దేవనాగరిని దృష్టియం దుంచుకొని కూర్చిన అమరికలో ఏ, ఓ అను దీర్ఘములకు నడిమి వరుసలో మంచి స్థానములు లభించినవి. ద్రావిడభాషలకు ముఖ్యములైన ఎ, ఒ అను హ్రస్వములు మూలలకు పోయినవి. ఎత్వము క్రింది వరుస ఎడమ కొసను, ఒత్వము అంకెల వరుస ఎడమ కొసను ఉన్నవి. రెండును చిటికెనవ్రేలికే. చెట్టు, ఎవరు, ఒక, కొత్త వంటి మాటలు లేక తెలుగున ఒక పుట నిండదు. “ఒక” అను చిన్నమాటకై షిఫ్టును నొక్కి, ఎడమ చిటికెనవ్రేలిని కీబోర్డు కొసకు చాచవలెను. హ్రస్వదీర్ఘముల పైక్రింది సంబంధము ఒ, ఓల విషయమున నిలువలేదు. కుడి చిటికెనవ్రేలికి చ, జ, ట, డ, యలు అయిదును పడుటయు పిల్లలకు భారమే.

ఈ లోపములను పిల్లలవద్ద దాచరాదు. ఎ, ఒలు తెలుగునకు సొంతములని, సంస్కృతవర్ణమాలలో లేవని చెప్పి, అందుచేతనే అవి ఇచట మూలలలో ఉన్నవని వివరించినచో, ఆ రెండు మీటలు వారికి మఱపురావు. భాషాచరిత్రలోని ఒక పెద్ద విషయమును చిటికెనవ్రేలి శ్రమ బోధింపగలదు.

పై విషయములవలన తేలునది ఇది. బాలుడు ఏ మార్గమున కొట్టినను తెఱపై తెలుగు కనబడును. కాని ఒక మార్గమున ఆ తెలుగు యంత్రము కూర్చినది, వేఱొక మార్గమున అది బాలుడు కూర్చినది. తెలుగు బోధించువారు ఈ విద్యను కంప్యూటరు ఉపాధ్యాయునకు విడిచిపెట్టుట తగదు. పరుషసరళములను, అల్పప్రాణ మహాప్రాణములను, సంయుక్తాక్షరములను చెప్పవలసినవారు వారే. ఈ అమరికపై మీటలను నేర్పుటయు ఆ పాఠములోని భాగమే. అందులకు మొదట ఉపాధ్యాయులును పరిశోధకవిద్యార్థులును తమ వ్రేళ్ళను దిద్దుకొనవలెను. చకచక, టకటకలతో మొదలిడుటకు వారును సిగ్గుపడనక్కఱలేదు.